కుర్చీ కోసం కసీదా

సోమవారం పొద్దున మున్షీ దేబీ సహాయ్ గారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఉదయం దొరగారిని పొగుడుతూ రాస్తున్న కసీదాలో చివరి ద్విపద పూర్తిచేయాలి. మధ్యాహ్నం ఉస్తాద్ గారికి వినిపించి దిద్దించుకోవాలి. గురువారం రాయసగాడి చేత ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించి, అచ్చురాతిమీదికి ఎక్కించి, శుక్రవారం తన పత్రిక 'ఖైర్‌ఖ్వాహ్' మొదటి పుటలో పూలతీగల అంచుతో అచ్చువేయాలి. శనివారం, మహారాణి గారి ఏలుబడికి యాభై ఏళ్ళు నిండిన దర్బారులో, డిప్యూటీ కమిషనరు థ్రాగ్‌మార్టన్ దొర ఎదుట దాన్ని చదవాలి. చదివి, కూర్చోవాలి.

ఆ కూర్చోవడం కోసమే మిగతా తతంగమంతా. లక్నోలో పెద్దమనుషులు రెండు రకాలు. దొరగారి బంగళాకు సలాముకి వెళితే కుర్చీ వేయించుకునేవారు ఒక రకం, నిలబడి వచ్చేవారు ఇంకో రకం. కుర్చీ పడాలంటే సర్కారు వారి సనదు, అంటే అనుమతి పత్రం, ఉండాలి. మున్షీగారు పద్నాలుగేళ్ళుగా నెల తప్పకుండా బంగళాకు వెళుతున్నారు, పద్నాలుగేళ్ళుగా నిలబడుతున్నారు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మెట్టు ఎక్కితే ఒకటి, దిగితే ఇంకోటి పలికేది.

ఆయన భార్య జనక్ దులారీ ఆవనూనె వెచ్చచేసి మోకాళ్ళకు రాస్తూ అడగనే అడిగింది. "ఇంట్లో ఆరు కుర్చీలున్నాయి కదండీ. వాటిమీద కూర్చుంటే మోకాళ్ళు వద్దంటాయా?"

"అవి మనం కొనుక్కున్నవే. వాళ్ళు వేస్తే కూర్చోవడం వేరు," అన్నారు మున్షీగారు.

ఆయనకు ఇంకో నొప్పి కూడా ఉంది. దాని పేరు మీర్ తసద్దుక్ హుసేన్. నఖాస్ బజారులో 'నమక్‌దాన్' అనే వారపత్రిక నడుపుతూ, 'చుట్కీ' అనే కలం పేరుతో ఊళ్ళోని పెద్దమనుషులను వారం వారం గిల్లడం ఆ మనిషి పని. పత్రికకు ఉప్పుగిన్నె అని పేరు పెట్టుకున్నందుకు, పుండు కనబడిన ప్రతిచోటా చల్లేవాడు. మున్షీగారి కలం పేరేమో 'వఫా', అంటే విశ్వాసం. తెల్లదొరల దగ్గర వినయంగా నిలబడే మనిషి విశ్వాసం అని పేరు పెట్టుకుంటే చుట్కీకి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టే గదా. కిందటి వారమే రాశాడు:

దొరగారి వరండాకు స్తంభాలు నాలుగే అనుకున్నాం;
అయిదోది తలపాగా చుట్టుకుంది. వఫా, అది నువ్వేనా?

ఊరంతా నవ్వింది. మున్షీగారు ఇరవైరెండు ద్విపదలతో జవాబిచ్చారు. ఒక్కరూ చదవలేదు. ఆయన పద్యంలో ఛందస్సు తప్పేది కాదు, వ్యాకరణం తప్పేది కాదు, వినేవాడికి ఆవలింత కూడా తప్పేది కాదు. ఆ సంగతి మున్షీగారికీ తెలుసు. తెలిసీ రాస్తూ ఉండటంలోనే ఆయన మంచితనమంతా ఉంది.

ఇంత వైరం ఉన్నా, వీధిలో ఎదురుపడితే ఇద్దరూ నడుం వంచి సలాములు చేసుకుని, ఇంట్లో అందరి క్షేమం అడిగి మరీ విడిపోయేవారు. కారణం ఏమిటంటే ఇద్దరూ హజ్రత్ ఖామోష్ గారి శిష్యులు. ఒకే ఉస్తాద్ దగ్గర పద్యం దిద్దించుకున్నవారు అన్నదమ్ములతో సమానం. పత్రికల్లో పీకలు కోసుకోవచ్చు గాని బజారులో మర్యాద తప్పకూడదు.

హజ్రత్ ఖామోష్ గారికి ఎనభై దగ్గర పడ్డాయి. కళ్ళు పూర్తిగా పోయాయి. చెవులు పద్యం వరకు చక్కగా పనిచేస్తాయి, మిగతా లోకపు కబుర్లు వినడానికి మాత్రం అంతగా ఒప్పుకోవు. ముప్పై ఏళ్ళ కిందట కుంఫిణీవారు అవధ్ పాదుషాను గద్దె దింపి కలకత్తాకు పంపేసినప్పుడు ఎవరో ఆయనతో, కొన్నాళ్ళలో వచ్చేస్తారు లెండి, అన్నారట. ఆయన ఆ మాట మీదే ఉండిపోయారు. ఊళ్ళో ఎవరికీ ఆ మాట దిద్దే ధైర్యం లేకపోయింది.

ఆయన దిద్దితే మాత్రం అక్షరం కదలకూడదు. ఒకప్పుడు ఒక శిష్యుడు ఆయన దిద్దిన ఒక్క మాట తీసేసి తన మాటే పెట్టి అచ్చువేయించుకున్నాడు. ఉస్తాద్ కోపం తెచ్చుకోలేదు. మర్నాడు అతను వచ్చి సలాము చేస్తే, ఎవరు బాబూ మీరు, అని మాత్రం అడిగారు. ఆ రోజుతో లక్నోలో ఆ మనిషిని కవి అన్నవారు లేరు.

సోమవారం మధ్యాహ్నం మున్షీగారు ఉస్తాద్ ముందు మోకాళ్ళు మడిచి కూర్చుని, నొప్పిని పంటి కింద పట్టి, కసీదా మొదలుపెట్టారు. నాలుగో పాదంలో దొరగారి పేరు రాగానే ఉస్తాద్ చెయ్యెత్తారు.

"గొంతులో ముల్లేమన్నా అడ్డం పడిందా నాయనా?"

"పేరండీ హజ్రత్. థ్రాగ్‌మార్టన్."

"పేరయినా ఊరయినా ఆ చప్పుడు ఛందస్సులో ఇమడదు. తీసెయ్. అసలు పేరెందుకు? లక్నోలో కసీదా అంటే ఎవరి మీదో మళ్ళీ చెప్పాలా?"

మున్షీగారు నోరు తెరిచారు. కాని ఉస్తాద్ దిద్దుతున్నప్పుడు అడ్డం వెళ్ళడం మర్యాద కాదు. నోరు మూసుకుని కలం పట్టారు. ముసలాయన కళ్ళు మూసుకుని ఒక్కొక్క ద్విపదనూ నాలుక మీద తిప్పి చూస్తూ, మొదటి పాదం ఉండనిచ్చి, రెండో పాదం కొట్టేసి కొత్తది చెబుతూ పోయారు. గోమతీ నది మీద మున్షీగారు రాసుకున్నది ఇది:

గోమతి ఎందుకింత మెల్లగా నడుస్తోంది ఊరి నడుమ?
బంగళాలో నిద్రకు భంగం రాకూడదని దానికీ తెలుసు.

ఉస్తాద్ దిద్దాక ఇలా తేలింది:

గోమతి ఎందుకింత మెల్లగా నడుస్తోంది ఊరి నడుమ?
వెళ్ళినవారు వెనకనుంచి పిలుస్తారేమోనని ఆగి ఆగి చూస్తోంది.

మున్షీగారు రాసుకున్నది మరోసారి చదువుకున్నారు. ఆయనకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. తన పేరు మీద ఇంత మంచి పద్యం పుట్టడం ఇదే మొదలు. ఇది గనక అచ్చయితే సర్కారువారు తనకు వేసేది కుర్చీ కాదు, సంకెళ్ళు. పదిహేడు ద్విపదలూ అయ్యేసరికి పొద్దు వాలింది. దొరగారి ఆగమనం కోసం రాసిన వసంతం కాస్తా, కలకత్తా నుంచి పాదుషా తిరిగి వచ్చే వసంతంగా మారిపోయింది. ఇక ఇప్పుడైనా చెప్పేద్దామని మున్షీగారు గొంతు సవరించుకున్నారు.

ఉస్తాద్ తడుముకుని ఆయన తలమీద చెయ్యి పెట్టారు. "ముప్పై ఏళ్ళయింది నాయనా, ఈ ఊళ్ళో ఆయన మీద ఎవరూ కసీదా రాయలేదు. అందరూ మరిచిపోయారేమో అనుకున్నాను. నువ్వు మరవలేదు," అన్నారు.

మున్షీగారు ఏమీ చెప్పకుండానే ఇంటికి వచ్చేశారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దిద్దింది అచ్చువేస్తే కుర్చీ పోతుంది. దిద్దనిది అచ్చువేస్తే ఉస్తాద్ దగ్గర స్థానం పోతుంది. ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పేస్తే సరిపోతుందిగా అంది జనక్ దులారీ. అయితే నువ్వెళ్ళి చెప్పు, అన్నారు మున్షీగారు. ఆవిడ ఆవనూనె గిన్నె ముందుకు లాక్కుంది.

రెండు రోజులు అన్నం సహించక ఆలోచిస్తే ఒక దారి దొరికింది. పత్రికలో తన పాత కసీదాయే వేయాలి. దిద్దిన కసీదా ఒక్క ఉస్తాద్ చెవిన మాత్రం పడాలి. ఆయనకు చూపు లేదు కనుక ఇది కుదిరే పనే. ప్రతి శుక్రవారం పత్రికలు చదివి వినిపించే మనిషి ఒప్పుకుంటే చాలు. చిక్కల్లా అక్కడే ఉంది. ఆ మనిషి మీర్ తసద్దుక్ హుసేన్.

బుధవారం మున్షీగారు జీవితంలో మొదటిసారి 'నమక్‌దాన్' కచేరీ గడప తొక్కారు. మీర్ సాహెబు లేచి ఎదురొచ్చి, తివాచీ మీద పక్కకు జరిగి, హుక్కా గొట్టం ఆయన వైపు తిప్పి, ఇల్లు పావనమైందన్నాడు. మోకాళ్ళ సంగతి కూడా అడిగాడు. వాటిమీద రాబోయే సంచిక కోసం అప్పటికే నాలుగు పాదాలు రాసి పెట్టుకున్నాడు గాని ఆ కాగితం మర్యాదగా దిండు కిందికి తోశాడు. మున్షీగారు జరిగింది చెప్పి, దిద్దిన కసీదా చేతికిచ్చారు.

మీర్ సాహెబు నవ్వుదామనే మొదలుపెట్టాడు. మూడో ద్విపద దగ్గర నవ్వు ఆగింది. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఇది నా చేతికిచ్చారు. నేను అచ్చువేస్తే మీరెక్కడ తేలతారో తెలుసా మున్షీగారూ?"

"తెలుసు. మీ మొహం చూసి ఇవ్వలేదండీ, ఉస్తాద్ మొహం చూసి ఇచ్చాను."

మీర్ సాహెబు కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు. తర్వాత, ఉస్తాద్ మీద ఒట్టు, ఇందులో అక్షరం కూడా నా అచ్చురాతికి ఎక్కదు, అన్నాడు. 'ఖైర్‌ఖ్వాహ్' చేతిలో పట్టుకుని, దాని మడతలో ఈ కాగితం పెట్టుకుని చదివేటట్టు ఒప్పందమైంది. మున్షీగారు గుండెలమీద బరువు దించుకుని ఇంటికి వచ్చి రెండు రోజుల అన్నం ఒక్కపూట తిన్నారు.

మీర్ తసద్దుక్ మాట తప్పలేదు. శుక్రవారం నమాజు అయ్యాక ఉస్తాద్ గారి వాకిట్లో ఎండకు కూర్చుని, చెప్పింది చెప్పినట్టే చదివాడు. చలికాలపు ఎండ కనుక ఆ వాకిట్లో ఇంకో ముప్పై మంది కూడా ఉన్నారు. వాళ్ళ చెవులు మూయాలని ఒప్పందంలో ఎవరూ రాయలేదు. లక్నోలో మంచి పద్యం ఒక నోట పడితే దానికి అచ్చుతో పనిలేదు. సాయంత్రపు అసరు నమాజు వేళకు అది చౌక్ చేరింది. పొద్దుగూకి మగ్రిబు నమాజు వేళకు పూలబజారులో దండలు గుచ్చేవాళ్ళు పాడుతున్నారు.

మున్షీగారు ఏమీ ఎరగకుండా సాయంత్రం శనివారానికి కొత్త జోళ్ళు కొనుక్కోవడానికి బయలుదేరారు. దారిలో అత్తరు కొట్టాయన లేచి నిలబడి సలాము చేశాడు. మామూలుగా ఆయన్ను చూసి స్తంభం అని గొణిగే శాలువాల వర్తకుడు కళ్ళు తుడుచుకున్నాడు. తన కసీదా పత్రికలో చదివి జనం ఇంతగా కరిగిపోయారా అని మున్షీగారు ఉబ్బి తబ్బిబ్బయ్యారు. ఇన్నాళ్ళకు తన కవిత్వం అర్థమైంది పాపం, అనుకున్నారు. తమలపాకుల కొట్టు దగ్గర ఆగితే ఆ ముసలి తంబోలీ ఆకుకు సున్నం రాస్తూ, "గోమతి ఎందుకింత మెల్లగా నడుస్తోంది" అని ఎత్తుకున్నాడు. మున్షీగారు చిరునవ్వుతో తల ఊపారు. రెండో పాదం వినగానే ఆ తల ఊపిన చోటే ఆగిపోయింది.

"మిమ్మల్ని ఇన్నాళ్ళూ ఏమేమో అన్నాం, క్షమించండి హుజూర్. గుండెలో ఇంత దాచుకున్నారని మాకేం తెలుసు?" అన్నాడు తంబోలీ.

జోళ్ళు కొనకుండానే మున్షీగారు నఖాస్‌కు పరుగెత్తారు, ఆ మోకాళ్ళతోనే. మీర్ సాహెబు నిజంగానే బాధపడ్డాడు. తాను అచ్చువేయలేదనీ, పద్యం బాగుంటే ఊరి నోళ్ళు మూయించడం తన చేతిలో లేదనీ చెప్పుకున్నాడు. మున్షీగారి పద్యాలకు ఇదివరకు ఈ ప్రమాదం ఎప్పుడూ రాలేదు గనక ముందుగా తోచలేదన్నాడు. అచ్చులో ఉన్నది విశ్వాసపు కసీదాయే కదా, రేపు అదే చదివితే సర్కారు దృష్టిలో ఏ తప్పూ లేదని ధైర్యం చెప్పాడు. ఆ మాటా నిజమే. మున్షీగారు దేవుడి మీద భారం వేశారు.

శనివారం మధ్యాహ్నం షామియానాలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఏ సర్కారు దర్బారుకూ బంట్రోతులు ఇళ్ళకు వెళ్ళి పిలిస్తే తప్ప రాని లక్నో, ఆవేళ పిలవకుండానే వచ్చింది. దొరగారికి ఆశ్చర్యమూ సంతోషమూ కలిగాయి. వేదిక పక్కన సనదుదారుల కుర్చీల వరసలో చివరిది ఖాళీగా ఉంది. పేము అల్లిక, చేతులకు నున్నటి నగిషీ. మున్షీగారు దాన్ని చూశారు. దొరగారి పక్కన తర్జుమా చెప్పడానికి నిలబడ్డ కచేరీ పెద్ద గుమాస్తా మౌల్వీ కుద్రతుల్లా చేతిలో 'ఖైర్‌ఖ్వాహ్' సంచిక ఉంది. అన్నీ సవ్యంగా ఉన్నాయి. మున్షీగారు కాగితం విప్పారు.

అప్పుడే జనం రెండుగా చీలి ఒక పల్లకికి దారి ఇచ్చారు. పల్లకి పక్కన తేలుకుట్టిన దొంగలా నడుస్తున్నవాడు మీర్ తసద్దుక్. పల్లకి దిగినవారు హజ్రత్ ఖామోష్. తన శిష్యుడు పాదుషా మీద కసీదా చదువుతుంటే తాను ఇంట్లో పడుకుంటానా అని పొద్దుటినుంచీ పట్టుబట్టారట. వీధిలో బ్యాండు మేళాలు, ఫిరంగి మోతలు వినబడేసరికి, పాదుషా రావడానికి కబురు వచ్చేసిందని నిశ్చయించుకున్నారు కూడా. ఆయన మీర్ సాహెబు భుజం ఆసరాగా నిలబడి, వేదిక వైపు చెవి పెట్టారు.

మున్షీగారి మొదటి పాదం బాగానే నడిచింది. దాన్ని ఉస్తాద్ దిద్దలేదు. రెండో పాదం దగ్గర ఆగారు. ఎదురుగా కుర్చీ. దానికి అవతల, ఎండలో, గుడ్డికళ్ళు మూసుకుని, తను దిద్దిన మాట కోసం ఎదురుచూస్తున్న ముసలి మొహం. మున్షీగారు పిరికివాడే. పద్నాలుగేళ్ళుగా ఆయన ఏ దొర మాటకూ ఎదురు చెప్పలేదు. కాని ఆ మొహం ఎదుట తప్పు పాదం చదవడానికి ఆయన నోరు రాలేదు. కుర్చీ వైపు ఒక్కసారి చూసి, కాగితం మడిచేసి, దిద్దిన పాదం చదివారు.

షామియానా అదిరిపోయింది. ముకర్రర్, ముకర్రర్ అని మళ్ళీ మళ్ళీ చదివించారు. మొదటి పాదం ఆయన అంటే రెండో పాదం జనమే అందుకుంది. గోమతి ద్విపదను పదకొండు సార్లు చదివించారు. అందరికంటే పెద్ద గొంతు మీర్ తసద్దుక్‌ది. తన జన్మశత్రువు నోట వినబడుతున్న పద్యానికి ఆయన చంటిపిల్లాడిలా ఏడ్చాడు. మున్షీగారి మోకాళ్ళు ఆ పూట నొప్పి పెట్టాయో లేదో ఆయనకే తెలియదు.

"ఏమంటున్నాడు? వీళ్ళెందుకు ఏడుస్తున్నారు?" అన్నాడు దొర.

మౌల్వీ కుద్రతుల్లా ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట ఉస్తాద్ దగ్గర నాలుగు గజళ్ళు దిద్దించుకున్న మనిషి. కళ్ళద్దాలు తుడుచుకుని, చేతిలో ఉన్న 'ఖైర్‌ఖ్వాహ్' ఎత్తి, అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాడు. దొరగారి రాకతో వసంతం వచ్చిందనీ, బంగళా నిద్ర చెడకుండా గోమతి అడుగులో అడుగు వేస్తోందనీ. దొర చివరిదాకా ఓపికగా విన్నాడు. ఇంత చప్పటి కవిత్వానికే ఇంతమంది వెక్కివెక్కి ఏడుస్తున్నారంటే ఈ ఊరికి మహారాణి అంటే ఎంత ప్రేమ ఉండాలి అని ఆయన గుండె కూడా కరిగింది. సనదు మీద అక్కడే సంతకం పెట్టి, కుర్చీ వేయమన్నాడు.

బంట్రోతు పేము కుర్చీ తెచ్చి మున్షీగారి వెనక వేశాడు. పద్నాలుగేళ్ళు. మున్షీగారు నడుం వంచి, సగం దాకా కూర్చోబోయి, ఎదురుగా ఉస్తాద్ నిలబడి ఉన్నారని చూశారు. ఉస్తాద్ నిలబడి ఉండగా శిష్యుడు కూర్చోవడం అనేది లక్నోలో జరగదు. ఆయన ఆ కుర్చీని తనే మోసుకుని వెళ్ళి, ముసలాయన్ను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, పక్కన నిలబడ్డారు.

"ఇవాళ నువ్వు కవివయ్యావు నాయనా," అన్నారు ఉస్తాద్. మున్షీగారికి కళ్ళు నిండాయి. ఆ మాటకోసం ఆయన పద్నాలుగేళ్ళు కాదు, ముప్పై ఏళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు.

తర్వాతి వారం ఇంగ్లీషు పత్రిక దర్బారు వార్త వేస్తూ, రాజద్రోహపు వెక్కిరింతలకు పేరుపడ్డ 'నమక్‌దాన్' సంపాదకుడు కూడా మహారాణి మీది భక్తితో బాహాటంగా కన్నీరు కార్చాడని రాసింది. మీర్ సాహెబు చందాదారుల్లో సగంమంది, నువ్వు కూడానా, అని ఉత్తరాలు రాశారు. ఆయన నిజం చెబితే మున్షీగారు జైలుకు వెళతారు. అందుకని మూడు సంచికలు పళ్ళబిగువున మౌనంగా ఊరుకుని, నాలుగో సంచికలో తన మీద తనే ఒక ఎత్తిపొడుపు పద్యం రాసుకున్నాడు. ఆయన రాసినవాటిలో అది అంత గొప్పది కాదని మున్షీగారు సలాము చేసి మరీ చెప్పారు.

ఉస్తాద్ గారికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. పాదుషా వారు రాకముందే కవులకు ఆసనాలు పంపారని ఆయన సంతోషించి, ఆ ఆసనం వేసే చోటికి తనను కూడా తీసుకువెళ్ళమని ప్రతి నెలా సిద్ధమై కూర్చునేవారు. సనదు రాకముందు మున్షీగారు బంగళాలో నెలకు రెండు గంటలు నిలబడేవారు. వచ్చాక, ఉస్తాద్ గారు ఆ కుర్చీలో కూర్చుని తీరిగ్గా మాట్లాడతారు కనుక, మూడు.